మీ ఆన్‌లైన్ గేమ్ మూతపడుతోందా? సర్వర్లు ఆగేలోపు చేసుకోవాల్సిన పనులు

"మా గేమ్ వచ్చే నెల క్లోజ్ చేస్తున్నారట. ఇన్నేళ్ల అకౌంట్ ఏమైపోతుంది? ఏదైనా దాచుకోవచ్చా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. గేమ్ పేరు మారుతుంది గానీ అడిగేది ఇదే. అందుకే చేయాల్సిన పనులన్నీ వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక విషయం తెలుసుకోండి. మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్నవి గేమ్ బొమ్మలు, శబ్దాలు మాత్రమే. మీ క్యారెక్టర్, లెవెల్, సామాన్లు, ఫ్రెండ్స్ లిస్ట్, చాట్ అన్నీ కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. సర్వర్ ఆగాక యాప్ లాగిన్ తెర దాటి ముందుకు పోదు. ఏది మిగలాలన్నా గడువులోపే బయటికి తెచ్చుకోవాలి.

తెచ్చుకునే వరుస కూడా ముఖ్యమే. ముందు మనుషులు, తర్వాత అకౌంట్, డబ్బు, ఆ తర్వాతే ఫొటోలు, వీడియోలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చివరి వారమంతా స్క్రీన్‌షాట్లు తీస్తూ గడిపి, రోజూ రాత్రి కలిసి ఆడిన మనిషిని మళ్లీ ఎక్కడ వెతుక్కోవాలో అడగడం మర్చిపోతారు.

గడువు ఎప్పుడూ నెలల్లో ఉంటుందని అనుకోకండి. అమెరికాలో సిటీ ఆఫ్ హీరోస్ అనే గేమ్‌ను మూసేస్తున్నట్టు 2012 ఆగస్టు 31న చెప్పారు, నవంబర్ 30న ఆపారు. మూడు నెలలు దొరికాయి. మన దగ్గర పబ్‌జీ మొబైల్‌కు ఆ అవకాశం దొరకలేదు. 2020 సెప్టెంబర్ 2న నిషేధం వచ్చింది. అప్పటికే ఫోన్‌లో ఉన్నవాళ్లు ఆడుతూనే ఉన్నారు. అక్టోబర్ 29న ప్రకటన ఇచ్చి 30న భారత్‌లో సర్వీసు ఆపేశారు. మధ్యలో మిగిలింది ఒక్క రోజు. అందుకని కింది పనుల్లో రెండోది, మూడోది, మీ గేమ్ మూతపడుతుందన్న వార్త రాకపోయినా ఈ వారమే చేసి పెట్టుకోండి.

దగ్గర ఉండాల్సినవి

- ఒక నోట్‌బుక్ లేదా గూగుల్ షీట్
- ఫోన్‌లో లేదా కంప్యూటర్‌లో కనీసం 20 జీబీ ఖాళీ
- బయట దాచడానికి హార్డ్ డిస్క్ లేదా పెన్‌డ్రైవ్, దానితోపాటు గూగుల్ డ్రైవ్ లాంటిది ఇంకొకటి
- గేమ్ అకౌంట్‌కు కట్టిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్
- ఇన్నాళ్లూ డబ్బు కట్టిన రసీదుల మెయిళ్లు
- రికార్డింగ్‌కు: ఫోన్‌లో ఉండే స్క్రీన్ రికార్డర్, కంప్యూటర్‌లో అయితే ఓబీఎస్ స్టూడియో. ఇది ఉచితం.

1. తేదీలు రాసుకోండి. ఒకటి కాదు, మూడు.

కంపెనీ ప్రకటనను స్వయంగా చదవండి. గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్‌ను నమ్మకండి. ప్రకటనలో సాధారణంగా మూడు తేదీలుంటాయి: గేమ్‌లో కొనుగోళ్లు ఆగేది, స్టోర్ నుంచి యాప్ తీసేసేది, సర్వర్లు ఆగేది. ఫేస్‌బుక్‌లో మన ఇళ్లలో కూడా ఎంతోమంది ఆడిన ఫామ్‌విల్‌కు 2020లో ఇలాగే జరిగింది. నవంబర్ 17న కొనుగోళ్లు ఆగాయి, డిసెంబర్ 31న గేమ్ ఆగింది.

రెండో తేదీ దాటాక ఫోన్ మార్చడం, ఫ్యాక్టరీ రీసెట్, గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేయడం వద్దు. స్టోర్‌లో యాప్ లేకపోతే మళ్లీ ఎక్కించుకునే దారి ఉండకపోవచ్చు.

టైమ్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ప్రకటనలో "31వ తేదీ 00:00 యూటీసీ" (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే మనకది 31వ తేదీ తెల్లవారుజామున 5:30. అంటే చివరి రాత్రి 30వ తేదీదే. అదే "31వ తేదీ రాత్రి 11:59 పసిఫిక్ టైమ్" అని ఉంటే చలికాలంలో మనకు మర్నాడు మధ్యాహ్నం 1:29, వాళ్ల వేసవి టైమ్‌లో 12:29. జపాన్ టైమ్ ఇస్తే మూడున్నర గంటలు తీసేయండి. లెక్క కట్టి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. దానికి ఒక రోజు ముందు కూడా అలారం పెట్టండి.

2. మనుషుల్ని బయటికి తెచ్చుకోండి

గేమ్‌లో మూడు నాలుగేళ్లు కలిసి ఆడినవాళ్ల అసలు పేరు మనకు తెలియదు. దుబాయ్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని మీ స్క్వాడ్‌లోకి వచ్చే అన్న ఉంటాడు. పరీక్షల ముందు కనబడకుండా పోయి, రిజల్ట్స్ వచ్చాక తిరిగొచ్చే తమ్ముడు ఉంటాడు. వాళ్లకు, మీకు మధ్య ఉన్నది ఒక ఐడీ మాత్రమే. సర్వర్‌తో పాటు అదీ పోతుంది.

షీట్‌లో నాలుగు గడులు చేయండి: గేమ్‌లో పేరు, బయట కలిసే చోటు, అక్కడి ఐడీ, "జవాబు వచ్చింది". ఈ నాలుగో గడి తప్పనిసరి. ఐడీ ఇచ్చారంటే సరిపోదు. అక్షరం తేడా ఉన్నా మెసేజ్ ఎవరికో పోతుంది. మీరు బయట మెసేజ్ పెట్టి, అటు నుంచి జవాబు వచ్చాకే టిక్ కొట్టండి.

ఎక్కడ కలవాలి? వాట్సాప్ గ్రూప్ సులభమే గానీ అందులో మీ నంబర్ అందరికీ కనిపిస్తుంది. పది మంది బాగా తెలిసినవాళ్లయితే ఫర్వాలేదు. వంద మంది గిల్డ్‌కు (గేమ్‌లో కలిసి ఆడే పెద్ద జట్టుకు) అది వద్దు. గేమర్లు ఎక్కువగా వాడే చాట్ యాప్ డిస్కార్డ్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనబడదు. టెలిగ్రామ్ వాడితే ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనబడకుండా పెట్టి, యూజర్‌నేమ్‌తో కలవండి. నా ఓటు డిస్కార్డ్‌కే. ఎందుకంటే గిల్డ్ గిల్డ్‌గానే మిగులుతుంది, వాయిస్ చాట్ కూడా ఉంటుంది.

డిస్కార్డ్ లింక్ ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఆహ్వాన లింక్ మామూలుగా ఏడు రోజులకే చెల్లకుండా పోతుంది. లింక్ చేసేటప్పుడే సెట్టింగ్ తెరిచి "ఎప్పటికీ గడువు లేదు" అని మార్చండి. ఈ చిన్న పని చేయకపోవడంతో, నెల తర్వాత గేమ్ తెరిచి లింక్ నొక్కినవాళ్లు బయటే ఉండిపోతారు.

చాలాకాలంగా ఆన్‌లైన్‌కు రానివాళ్ల సంగతి? వాళ్లే మనకు ఎక్కువ గుర్తొచ్చేది. గిల్డ్ నోటీసులో లింక్ పెట్టండి. మీ ప్రొఫైల్ స్టేటస్‌లో పెట్టండి. గేమ్‌లో మెయిల్ ఉంటే ఒక్కొక్కరికి రాయండి. "గేమ్ ఫలానా తేదీన మూతపడుతోంది, మేమంతా ఇక్కడ ఉంటాం" అంటే చాలు. గేమ్ మెయిల్‌కు నిడివి హద్దు, చెల్లుబాటు రోజులు ఉంటాయి కాబట్టి ముఖ్యమైన మాట మొదటి లైన్లోనే రాయండి. కొన్ని గేమ్‌లు చాట్‌లో లింకులను చెరిపేస్తాయి. అప్పుడు లింక్ బదులు యూజర్‌నేమ్ ఇవ్వండి.

పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు: పబ్లిక్ చాట్‌లో ఫోన్ నంబర్, స్కూల్ పేరు, ఊరు పెట్టొద్దు. బయట కలిసే చోటును ఇంట్లో ఒకరికి చూపించి మొదలుపెట్టండి. తల్లిదండ్రులకు నాదొక విన్నపం. "ఆఫ్టరాల్ గేమే కదా" అనకండి. పిల్లవాడికి పోతున్నది స్నేహితులు రోజూ కలిసే చోటు.

3. అకౌంట్‌ను గట్టిగా కట్టుకోండి

గెస్ట్‌గా, అంటే ఏ అకౌంట్‌తోనూ లాగిన్ కాకుండా ఆడుతున్నారా? ఇవాళే మెయిల్‌కో, కంపెనీ అకౌంట్‌కో లింక్ చేయండి. మూతపడిన గేమ్‌లు కొన్ని ఇంకో రూపంలో తిరిగొస్తాయి. అప్పుడు పాత సామాన్లు దక్కేది లింక్ చేసుకున్నవాళ్లకే. 2021 జూలైలో పబ్‌జీ మొబైల్‌కు భారత్ వెర్షన్‌గా బీజీఎంఐ వచ్చినప్పుడు, పబ్‌జీ మొబైల్‌ను ఫేస్‌బుక్‌తోనో ట్విట్టర్‌తోనో ముడిపెట్టుకున్నవాళ్లు డేటా తెచ్చుకోగలిగారు. దానికీ గడువు పెట్టారు.

కంపెనీ ఆఫ్‌లైన్ వెర్షన్ ఇస్తోందేమో ప్రకటనలో చూడండి. నింటెండో వాళ్లు యానిమల్ క్రాసింగ్: పాకెట్ క్యాంప్ ఆన్‌లైన్ సేవను 2024 నవంబర్‌లో ఆపి, ఒక్కసారి డబ్బు కట్టి నెట్ లేకుండా ఆడుకునే వెర్షన్ ఇచ్చారు. పాత క్యాంప్‌ను అందులోకి మార్చుకునే వీలు కూడా కల్పించారు. చైనాలో 2023 జనవరిలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆగినప్పుడు, ఆటగాళ్లు తమ క్యారెక్టర్ వివరాలను ఫైల్‌గా దింపుకునే ఏర్పాటు చేశారు. 2024లో ఆ గేమ్ అక్కడ మళ్లీ మొదలైంది. ఇలాంటి సదుపాయం ఏది ఇచ్చినా మొదటి వారమే వాడేయండి. చివరి రోజుల్లో అందరూ ఒకేసారి ఎగబడితే పేజీ తెరుచుకోదు.

"డిస్క్ కొనుక్కున్నాను, నాకేం భయం లేదు" అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించండి. యూబీసాఫ్ట్ వాళ్ల ది క్రూ అనే కారు రేసుల గేమ్ 2024 మార్చి 31న ఆగింది. డిస్క్ చేతిలో ఉన్నా, ఒంటరిగా ఆడేవాళ్లకైనా అది ఇక తెరుచుకోలేదు. మీ గేమ్ సంగతి తేల్చుకోవడం తేలిక. ఇప్పుడే వైఫై, డేటా ఆపి తెరవండి. లోపలికి పోనివ్వకపోతే సర్వర్ ఆగిన రోజున కూడా పోనివ్వదు.

4. డబ్బు లెక్క తేల్చండి

సబ్‌స్క్రిప్షన్ ఉంటే రద్దు చేయండి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి మీ ఫొటో మీద నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. నేరుగా యూపీఐతో కడుతుంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా చూసి ఆ మాండేట్ రద్దు చేయండి. "క్యాన్సిల్డ్" అని కనిపించే తెరను స్క్రీన్‌షాట్ తీసుకోండి.

డబ్బుతో కొన్న జెమ్స్, కాయిన్స్ మిగిలి ఉన్నాయా? వాపసు ఇస్తారా లేదా అన్నది ప్రకటనలో వెతకండి. ఇస్తే ఫారం గడువు రాసుకోండి. జపాన్‌లో అయితే, డబ్బు పెట్టి కొని వాడకుండా మిగిలిన దాన్ని సర్వీసు ఆపేటప్పుడు తిరిగివ్వాలని చట్టమే చెబుతోంది. మన దగ్గర గూగుల్ ప్లేలో కొని 48 గంటలు దాటకపోతే అక్కడే రీఫండ్ అడగొచ్చు. దాటితే గేమ్ తయారుచేసినవాళ్లకు రాయాలి. వాపసు లేదని తేలితే జెమ్స్ దాచిపెట్టి లాభం లేదు. ఇన్నాళ్లూ ఖరీదని ఆగిన డ్రెస్ కొనుక్కోండి, స్నేహితులకు గిఫ్టులు పంపండి.

హెచ్చరిక: మూసివేత వార్త రాగానే మోసగాళ్లు దిగుతారు. "మీ అకౌంట్‌ను కొత్త సర్వర్‌కు మారుస్తాం, ఓటీపీ చెప్పండి", "రీఫండ్ ఇప్పిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఉండదు. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

5. పనికిరావనిపించే ఫైళ్లను కూడా దాచండి

కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు ఇది ముఖ్యం. గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్లు, చాట్ లాగ్‌లు, సెట్టింగ్స్, గేమ్‌లో మీరు సేవ్ చేసుకున్న డిజైన్లు అందులోనో డాక్యుమెంట్స్‌లోనో ఉంటాయి.

సిటీ ఆఫ్ హీరోస్‌లో సూపర్ హీరో దుస్తులను మనమే కుట్టుకోవచ్చు. మాస్క్, కేప్, బూట్లు, రంగులు అన్నీ ఎంచుకుని ఆ వేషాన్ని ఒక చిన్న ఫైల్‌గా కంప్యూటర్‌లో సేవ్ చేసుకోవచ్చు. 2012లో సర్వర్ ఆగాక ఆ ఫైల్‌ను తెరిచే గేమే లేదు. ఏడేళ్ల తర్వాత, 2019లో అభిమానులు నడిపే సర్వర్లు బయటికొచ్చాయి. పాత డ్రైవ్‌లలో ఆ ఫైళ్లు ఉన్నవాళ్లు తమ హీరోకు అదే వేషం మళ్లీ వేసుకోగలిగారు. హోమ్‌కమింగ్ అనే ఆ అభిమానుల సర్వర్‌కు 2024 జనవరిలో అసలు కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ లైసెన్స్ కూడా ఇచ్చింది. అందుకే కొన్ని కేబీల ఫైల్ అని పారేయకండి.

డిజైన్ సేవ్ చేసే బటన్ మీ గేమ్‌లో లేకపోతే, క్యారెక్టర్ తయారుచేసే తెరలోని ప్రతి ట్యాబ్‌నూ స్క్రీన్‌షాట్ తీయండి. ముక్కు స్లైడర్ ఎక్కడుంది, జుట్టు రంగు ఎన్నో నంబర్ అన్నది కనబడాలి. ఇంకో గేమ్‌లో ఆ ముఖాన్ని మళ్లీ చేసుకోవడానికి ఇదే ఆధారం.

6. ఫొటోలు, వీడియోలు

యుద్ధాలు, బాస్ ఫైట్‌లు యూట్యూబ్‌లో దొరుకుతాయి. దొరకనివి మీవి. మీరు కట్టుకున్న ఇల్లు, గిల్డ్ మెంబర్ల జాబితా, ఫ్రెండ్స్ లిస్ట్, ఇన్వెంటరీ, అచీవ్‌మెంట్ల తేదీలు. వీటిని ముందు తీయండి.

తర్వాత ఒక నడక రికార్డు చేయండి. గేమ్ మిమ్మల్ని మొదటిసారి దింపిన చోటు నుంచి, రోజూ కలుసుకునే చోటు దాకా. వాహనం వద్దు, టెలిపోర్ట్ వద్దు, నడవండి. మెనూలు కనబడకుండా పెట్టండి. దానికి చాలా గేమ్‌లలో ఒక కీ గానీ ఫొటో మోడ్ గానీ ఉంటుంది. ఎక్కువసేపు గడిపిన చోట కనీసం ఒక నిమిషం కెమెరా కదపకుండా నిలబడండి. దుకాణందారు అవే రెండు మాటలు చెబుతుంటాడు, నీళ్ల చప్పుడు వస్తుంటుంది, ఎవరో గుర్రం మీద దూసుకుపోతారు. ఏళ్ల తర్వాత చూసినప్పుడు మనసు పట్టుకునేది ఆ నిమిషమే. అదే నడకను ఇంకోసారి, స్నేహితుల వాయిస్ చాట్‌తో, వాళ్లకు చెప్పి రికార్డు చేయండి.

ఎలా తీయాలంటే:

- ఆండ్రాయిడ్‌లో రికార్డింగ్ మొదలుపెట్టేటప్పుడు "డివైస్ ఆడియో" ఎంచుకోండి. లేకపోతే గేమ్ సౌండ్ బదులు మీ ఫ్యాన్ సౌండ్ వస్తుంది.
- డూ నాట్ డిస్టర్బ్ వేయండి. లేకపోతే బ్యాంకు ఓటీపీలు వీడియోలో పడతాయి.
- విండోస్‌లో విండోస్ కీ, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. ఎక్కువసేపు తీయాలంటే ఓబీఎస్ నయం.
- ఓబీఎస్‌లో ఫైల్ రకం ఎంకేవీ పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది.
- ఓబీఎస్‌లో 6000 కేబీపీఎస్ బిట్‌రేట్‌తో తీస్తే గంటకు దాదాపు 2.7 జీబీ పడుతుంది. చోటు చూసుకోండి.
- ఓబీఎస్‌లో నల్ల తెర వస్తే గేమ్ క్యాప్చర్ తీసేసి డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టి చూడండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు, సరిచూసుకునే తీరు

వీడియో తీశామని వదిలేస్తారు. మొదటి రెండు నిమిషాలు తీసి, ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గేమ్ సౌండ్, మీ గొంతు, అవతలివాళ్ల గొంతు మూడూ వినబడాలి. ఎక్కువసార్లు తప్పిపోయేది అవతలివాళ్ల గొంతే.

వాట్సాప్‌లో ఫొటోలుగా పంపి, అదే బ్యాకప్ అనుకుంటారు. వాట్సాప్ ఫొటోను నలిపేస్తుంది, పేర్లు చదవడానికి రావు. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదంటే, ఆ డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఉండొచ్చు. అందులో 4 జీబీ మించిన ఫైల్ పట్టదు. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులోని పాతవన్నీ పోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

కాపీలు రెండు చోట్ల ఉండాలి, ఒకటి ఇంటి బయట. సరిచూడటానికి ఇంకో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో తెరవండి. అక్కడ తెరుచుకుంటేనే కాపీ ఉన్నట్టు.

7. చివరి రోజు

సర్వర్ ఆగే నిమిషానికి కలుద్దామని పెట్టుకోకండి. ఆ సమయానికి అందరూ ఒకేసారి వస్తారు, లాగిన్ క్యూ పెరుగుతుంది, గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ముఖ్యమైన మాటలన్నీ ముందు రోజు రాత్రికే పెట్టుకోండి. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లకు కూడా కుదిరే గంట చూడండి. మన రాత్రి 9:30 అంటే దుబాయ్‌లో రాత్రి 8, అమెరికా తూర్పు తీరంలో వేసవిలో మధ్యాహ్నం 12.

ఏం చేయాలి? మీ గిల్డ్‌కు ఏది ఇష్టమో అదే. సిటీ ఆఫ్ హీరోస్ వాళ్లు మూసివేత వార్త విన్నాక, 2012 సెప్టెంబర్‌లో గేమ్‌లోని అట్లాస్ పార్క్ అనే ప్రాంతంలో వందలమంది కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. కొందరు మొదటిసారి ఓడిపోయిన బాస్ దగ్గరికి మళ్లీ వెళ్తారు. కొందరు కొత్త క్యారెక్టర్ చేసుకుని లెవెల్ ఒకటి నుంచి కలిసి నడుస్తారు. ఏది చేసినా గ్రూప్ ఫొటో మొదటి పది నిమిషాల్లోనే తీసేయండి, ఆఖర్లో ఎవరో ఒకరు డిస్‌కనెక్ట్ అవుతారు. పేర్లు కనబడేలా ఒకటి, పేర్లు లేకుండా ఒకటి.

చెప్పాల్సిన మాట చెప్పేయండి. "అన్నా, నాకు ఉద్యోగం లేనప్పుడు రోజూ నీతో ఆడటం వల్లే నిలబడ్డాను" అనేది టైప్ చేయడానికి నిమిషం చాలు. మొహమాటంతో దాన్ని వాయిదా వేయకండి.

ఏడుపొస్తే రానివ్వండి. చివరి నిమిషం దాకా ఉండలేకపోతే ముందే లాగౌట్ అవ్వడం తప్పు కాదు. మీకిష్టమైన చోట క్యారెక్టర్‌ను కూర్చోబెట్టి, స్నేహితులకు చెప్పి వెళ్లండి.

8. మర్నాడు

యాప్‌ను వెంటనే తీసేయకండి. మూసివేత తేదీ పొడిగించడం అప్పుడప్పుడూ జరుగుతుంది, రీఫండ్ ఫారంకు లోపలి ఐడీ అడగడమూ జరుగుతుంది. నెల ఆగి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ పేరుతో డబ్బు కట్ కాలేదని చూసుకున్నాక తీసేయండి.

ఫేస్‌బుక్, గూగుల్ సెట్టింగ్స్‌లో ఆ గేమ్‌కు ఇచ్చిన అనుమతిని అప్పుడే రద్దు చేయకండి. తిరిగొచ్చే అవకాశం ఉందన్న మాట వినబడుతుంటే అలాగే ఉంచండి. లేదని తేలాక తొలగించండి.

అభిమానుల సర్వర్ ఏదైనా మొదలైందని తెలిస్తే, పాత పాస్‌వర్డ్ అక్కడ వాడొద్దు. కొత్త పాస్‌వర్డ్, వీలైతే వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి. డౌన్‌లోడ్ ఫైల్‌ను యాంటీవైరస్‌తో చూసుకోండి. అసలు కంపెనీ అనుమతి లేనివి ఎప్పుడైనా ఆగిపోవచ్చు కాబట్టి అక్కడ డబ్బు పెట్టకండి.

ఇక ఆ షీట్ తెరవండి. నాలుగో గడిలో టిక్ పడనివాళ్లు ఎవరైనా మిగిలితే, వాళ్ల గేమ్ పేరుతో డిస్కార్డ్‌లో, స్టీమ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకండి. చాలామంది అన్ని చోట్లా అదే పేరు వాడతారు. వాళ్లను గుర్తుపట్టాక మొదటి మెసేజ్‌లో మీ అసలు పేరుకు ముందు గేమ్‌లోని పేరు రాయండి, లేకపోతే ఎవరో తెలియనివాళ్లనుకుని వదిలేస్తారు.